ఇల్లరికపు సూపర్‌చార్జర్ అల్లుడుగారికి మామగారి ఉత్తరం

ఇంజిన్‌లోకి గాలి నొక్కి కొట్టి కారు బలం పెంచే చిరంజీవి సూపర్‌చార్జర్ అల్లుడుగారికి,

టెక్సాస్ రాష్ట్రం ఫ్రిస్కో నుంచి మీ మామగారు ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ క్రెడిట్ కార్డు తప్ప అందరం క్షేమం. మీరు హుడ్ కింద చల్లగా ఉన్నారని తలుస్తాను అని రాద్దామనుకున్నాను గానీ, బయట 102 డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండ కాస్తుంటే అబద్ధం రాయడానికి చేయి రాలేదు. ఉభయకుశలోపరి.

ఒకే గరాజులో ఉంటూ ఉత్తరం ఎందుకంటారా? ఎదురుగా నిలబడి చెబుదామంటే మీరు వేసే ఈలలో నా మాట నాకే వినపడదు.

మా అమ్మాయి సంగతి మీకు తెలియనిది కాదు. 2021 మోడల్ ఫోర్డ్ మస్టాంగ్ జీటీ కారు. మిషిగన్‌లోని ఫ్లాట్ రాక్‌లో పుట్టింది. 5 లీటర్ల వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజిన్), 460 హార్స్‌పవర్. 1964లో వీళ్ల అమ్మమ్మ కాలంలో ఆరు సిలిండర్ల మస్టాంగ్‌కి ఉన్నవి 101. అలాంటి వంశంలో 460 అంటే పిల్ల బాగా ఎదిగినట్టే. రోజూ నన్ను ఇర్వింగ్‌లోని ఆఫీసుకి తీసుకెళ్లి, సాయంత్రం ఇండియన్ స్టోర్లో సోనా మసూరి బస్తాతో సహా ఇంటికి చేర్చేది. నోరెత్తి ఒక్క మాట అన్న పాపాన పోలేదు.

చదునైన రోడ్డు మీద గంటకు 60 మైళ్ల వేగం నిలబెట్టుకోవడానికి ఈ సైజు కారుకి ఓ పాతిక హార్స్‌పవర్ చాలు. అంటే 460లో 435 రోజంతా ఊరికే కూర్చున్నవే. ఇక బుష్ టర్న్‌పైక్ అనే టోల్ రోడ్డు ఎక్కే చోట సాయంత్రం ఐదున్నరకి ఆ పాతికకి కూడా పని ఉండదు. ఇంత ఖాళీగా ఉన్న ఇంట్లోకి ఇంకో 240 తెచ్చి పెడితే కళకళలాడుతుందని నాకు తోచింది. సంబంధాలు చూడటం మొదలుపెట్టాను.

ముందు వచ్చినవి చిన్న సంబంధాలు. ఇంజిన్‌కి చల్లగాలి అందించే కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ అనే అబ్బాయికి గొంతు ఉంది, సంపాదన లేదు. క్యాట్‌బ్యాక్ ఎగ్జాస్ట్ అనే పొగగొట్టం అయితే ఇంజిన్ 2000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర చెవిలో దూరి టోల్ గేట్ దాటేదాకా బయటికి రాడు. ఇంజిన్ కంప్యూటర్లో లెక్కలు మార్చే ట్యూన్ ఒక్కడే పెట్టిన ఖర్చుకి తగ్గ పని చేసేవాడు, కానీ పాపం కంటికి కనిపించడు. హుడ్ ఎత్తి నలుగురికీ చూపించుకోలేని అల్లుడు ఎందుకని వద్దనుకున్నాం. అప్పుడు వచ్చింది మీ జాతకం. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో 700!

వంశం కూడా గొప్పదే. ఇండియానాలో రూట్స్ అన్నదమ్ములు మీ ముత్తాతగారికి 1860లోనే పేటెంటు తీసుకున్నారు. ఇనుము కరిగించే కొలిముల్లోకి గాలి కొట్టడం ఆయన వృత్తి. మీదీ గాలి కొట్టే వృత్తే. కరిగేది మాత్రం ఇప్పుడు నా జీతం.

మీలో సెంట్రిఫ్యూగల్ శాఖవాళ్లు ఇంజిన్‌కి ముందువైపు ఓ పక్కన వేలాడుతూ, ఆర్‌పీఎం బాగా పెరిగితే గాని ఒళ్లు వంచరు. మీ శాఖవారు అలా కాదు. సిలిండర్లకి గాలి పంచే ఇన్‌టేక్ మానిఫోల్డ్‌ని లేపేసి, ఆ చోటులోనే వీ8 నడిమధ్యన తిష్ట వేస్తారు, యాక్సిలరేటర్ తాకితే చాలు పని మొదలెడతారు. ఇంతకన్నా చక్కటి ఇల్లరికం ఎక్కడ దొరుకుతుంది! తిండి సంగతే కాస్త ఆలస్యంగా తెలిసింది. డాడ్జ్ కంపెనీ కారు హెల్‌క్యాట్ వారింటికి వెళ్లిన మీ అన్నగారు 707 హార్స్‌పవర్ ఇంటికి లాభమని అంతా మెచ్చుకుంటారు. పూర్తి వేగంలో ఆయన తిరగడానికే ఓ 80 తింటారన్నది పప్పన్నం తిన్నాక గాని ఎవరూ చెప్పరు.

సరే, అల్లుడన్నాక తింటాడు. నా బాధంతా పెట్టిపోతల గురించి.

మీరు గాలి ఎక్కువ కొడతారు కాబట్టి దానికి తగ్గ పెట్రోలు పోయాలి, పెద్ద ఇంజెక్టర్లు కావాలన్నారు. పెట్టాం. వాటికి అందించాలంటే పెద్ద పంపు అన్నారు. పెట్టాం. ప్లగ్గులు ఒక మెట్టు చల్లటివి కావాలట, పైగా మీ ఒత్తిడికి నిప్పురవ్వ ఆరిపోతుంది కాబట్టి వాటి మొనల మధ్య సందు తగ్గించాలట. ఫీలర్ గేజ్ రేకు దూర్చి, తీసి, కళ్లజోడు పైకి నెట్టి, మళ్లీ దూర్చి, ఎనిమిది ప్లగ్గులూ నేనే కొలిచాను. క్రాంక్‌కేస్ నుంచి వచ్చే నూనె ఆవిరి మీకు పడదని క్యాచ్ క్యాన్ అనే అల్యూమినియం డబ్బా ఒకటి బిగించాం. అప్పుడప్పుడూ దాని అడుగు విప్పితే కాఫీ రంగు నూనె గరిటెడు దిగుతుంది. తోటపనికి కొన్న చేతిగుడ్డలన్నీ దానికే సరిపోతున్నాయి. ఏమయ్యాయని మీ అత్తగారు అడిగితే గాలికి ఎగిరిపోయాయన్నాను. ఒకరకంగా నిజమే.

ఆయిల్ పంపు కథ వేరు. ఈ ఇంజిన్లో కంపెనీ పెట్టిన పంపు గేర్లు లోహపు పొడిని అచ్చులో నొక్కి, కాల్చి చేసినవి. మామూలు బతుక్కి బంగారంలాంటివి. మీలాంటివారు ఇంట్లో ఉండగా రెడ్ లైన్ (ఇంజిన్ తిరగగల గరిష్ఠ వేగం) దగ్గర నాలుగుసార్లు గట్టిగా కొడితే విరిగే ప్రమాదం ఉందని ఈ ఇంజిన్ విప్పి బిగించిన ప్రతివాడూ చెబుతాడు. విరిగితే ఆయిల్ ఆగుతుంది, ఆయిల్ ఆగితే ఇంజిన్ పోతుంది. గట్టి ఉక్కుతో కోసిన గేర్ల ఖరీదు పెద్దదేం కాదు. కానీ అవి క్రాంక్‌షాఫ్ట్ ముందు కొసన, టైమింగ్ కవర్ వెనక కూర్చుని ఉంటాయి. పుల్లీ, కవరు, చైన్లు అన్నీ ఊడదీస్తే గాని చేయి ఆనదు. మీకోసం మా అమ్మాయి గుండె విప్పి బల్ల మీద పెట్టించాను అల్లుడుగారూ, ఆ కూలి బిల్లు ఇప్పటికీ గ్లవ్ బాక్సులో దాచి ఉంచాను.

ఇన్ని పెట్టాక కూడా అలకపాన్పు దిగరేమిటి? గాలిని నొక్కితే వేడెక్కుతుందని మీకోసం ఇంటర్‌కూలరూ, దానికో రేడియేటరూ పెట్టించాను కదా. ట్రాఫిక్‌లో పావుగంట నిలబడితే చాలు, కింద ఇంజిన్ సెగ, పైన జూలై ఎండ, ఆ ఇంటర్‌కూలర్లో నీళ్లూ కాగిపోయి మీరు ఒంటిమీద చేయి వేయనివ్వరు. మీరు పంపే వేడిగాలితో సిలిండర్లో ప్లగ్గు రాజేసిన మంట మూలకి చేరకముందే అక్కడి మిశ్రమం తనంతట తానే పేలే ప్రమాదం. మా అమ్మాయికి 12:1 కంప్రెషన్ (సిలిండర్లో గాలిని పన్నెండో వంతుకి నొక్కుతుంది), అసలే సున్నితం. దాంతో కంప్యూటర్ భయపడి నిప్పురవ్వ వేసే టైమింగ్ వెనక్కి లాగేస్తుంది. సిగ్నల్ పచ్చబడేసరికి నేను పెట్టిన 700లో ఎన్ని మిగిలాయో ఆ హనుమంతుడికే తెలియాలి. 93 ఆక్టేన్ పెట్రోలు తప్ప ముట్టరు, అయినా ఇదీ మీ వరస.

హనుమంతుడంటే గుర్తొచ్చింది. ఫ్రిస్కో గుడిలో వాహనపూజ నాడు మీరు చేసిన నిర్వాకం ఊరంతా చెప్పుకుంటున్నారు. టైర్ల కింద పెట్టిన నిమ్మకాయల మీంచి నెమ్మదిగా వెళ్లమని పూజారిగారు ముందే అన్నారు. ఎవరి ఇంట్లోనైనా నిమ్మకాయ రసం అవుతుంది. మా ఇంట్లో పొగైంది.

జీతం విషయం కూడా రాయక తప్పదు. పెళ్లిచూపుల్లో 700 అన్నారు. బలం కొలిచే డైనో యంత్రపు రోలర్ల మీద కట్టేసి చూస్తే చక్రాల దగ్గర రమారమి 600. మిగతాది గేర్‌బాక్సూ, డిఫరెన్షియలూ దారిలో కత్తిరించుకుంటాయట, చేతికొచ్చేది ఇంతేనట. దాంట్లోనూ డైనోజెట్ అనే యంత్రం ఎక్కువ చెబుతుంది, మస్టాంగ్ డైనో అనేది తక్కువ చెబుతుంది (పేరు కలిసింది గాని మా పిల్లకి చుట్టం కాదు). మనం ఏ యంత్రం దగ్గరికి వెళ్లామో మీకు వేరే చెప్పాలా! ఆ కాగితం ఫ్రేము కట్టించి దేవుడి గదిలో పెడదామనుకున్నాను. మీ అత్తగారు గరాజు దాటనివ్వలేదు.

పుట్టింటి అండ కూడా పలచబడింది. ఇంజిన్‌కి 5 ఏళ్లు లేదా 60,000 మైళ్ల వారంటీ అన్నారు. వేరే పార్టు బిగించినంత మాత్రాన వారంటీ రద్దు చేయకూడదని 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ఉందని నేనూ దబాయించగలను. కానీ కంప్యూటర్లో ట్యూన్ మార్చిన జాడ వాళ్లకి కనపడుతుంది. చెడినదానికి కారణం మీరేనని వాళ్లు చూపిస్తే, ఏ చట్టం పట్టుకుని వాదించను? టెక్సాస్‌లో 2025 నుంచి మామూలు కార్లకి సేఫ్టీ తనిఖీ ఎత్తేశారు గాని, డాలస్ చుట్టుపక్కల కౌంటీల్లో పొగ పరీక్ష అలాగే ఉంది. మీరు ట్యూన్ మార్పించుకున్న ప్రతిసారీ కారు కంప్యూటర్ తన పరీక్షలన్నీ మొదటి నుంచి రాసుకునేదాకా ఆ ఇన్‌స్పెక్షన్ వాడి ముఖం చూడలేను.

పక్కింటివాళ్ల అల్లుడు ఎలక్ట్రిక్. మాట్లాడడు, అలగడు, వెనక సీట్లో పసిపిల్ల కుర్చీ పెట్టుకుని మూడు సెకన్ల పైచిలుకులో 60 అందుకుంటాడు. మొన్న సిగ్నల్ దగ్గర మనం ఇంకా టైర్లు కాలుస్తూనే ఉన్నాం, ఆయన వీధి మలుపు తిరిగిపోయాడు. మీ అత్తగారు నా పక్కనే ఉన్నారు. ఏమీ అనలేదు. కొత్తిమీర కట్ట సర్దుకున్నారు, అంతే.

ఇక అసలు సంగతి. చిన్న పుల్లీ వేయిస్తే మీరు ఇంకా జోరుగా తిరిగి, ఇంకో రెండు మూడు పీఎస్‌ఐ బూస్ట్ (గాలి ఒత్తిడి) ఇస్తారని ట్యూనర్ కబురు పెట్టాడు. అయితే పాత క్లచ్ ఆగదట, చక్రాలకి బలం అందించే హాఫ్ షాఫ్టులు కూడా చూసుకోవాలట. సంక్రాంతి దాకా ఆగమందామనుకున్నాను. మీ మొహం చూసి మనసొప్పక నిన్న రాత్రే ఆర్డరు పెట్టాను. పుల్లీ గురువారం వస్తుంది. క్లచ్ పెట్టె పెద్దది కాబట్టి ఆఫీసు అడ్రసుకి పంపమన్నాను. మీ అత్తగారు గరాజులోకి వచ్చినప్పుడు ఈలలు వేయకండి.

ఇట్లు,
మీ మామగారు