ఆ ‘సమ్మర్ బాస్’ మెసేజ్ నాకింక పంపకండి

మళ్ళీ వచ్చింది. ‘సమ్మర్ బాస్ ఫిషింగ్: టాప్‌వాటర్ లూర్‌తో ఎనిమిది బంగారు సూత్రాలు’. బాస్ అంటే అమెరికావాళ్లు గాలంతో పట్టే ఒక చేప, టాప్‌వాటర్ లూర్ అంటే నీటిమీద తేలుతూ ఆడే ఉత్తుత్తి ఎర. కింద ‘వైజాగ్ యాంగ్లర్లు (గాలం వేసేవాళ్లు) తప్పక చదవాలి’ అని రాసి మూడు దణ్ణాలు, రెండు చేప బొమ్మలు. నిన్న ఒక గ్రూపులో, ఇవాళ పొద్దున్నే ఇంకో గ్రూపులో, మధ్యాహ్నం మా బావమరిది విడిగా. ‘నీకు పనికొస్తుందని పంపాను బావా’ అన్నాడు. పనికొచ్చింది. కోపం తెచ్చుకోవడానికి.

మొదటి సూత్రం: ‘మన పండుగప్ప అంటే సీ బాసే. కాబట్టి అమెరికా బాస్ సూత్రాలన్నీ మనకూ వర్తిస్తాయి.’ ఎలా వర్తిస్తాయి? అక్కడివాళ్లు వేసవిలో వెంటపడేది లార్జ్‌మౌత్ బాస్. చెరువుల్లో, నాచు పక్కన, పడిపోయిన చెట్ల కింద బతికే మంచినీటి చేప. పండుగప్ప తిరిగేది ఉప్పునీరూ మంచినీరూ కలిసే చోట. భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసే మొగ దగ్గర దానికోసం నిలబడేవాడు గడియారం కంటే ముందు పోటూ పాటూ చూసుకుంటాడు. పాటు మొదలై, అంటే సముద్రం వెనక్కి తీస్తూ, లోపలున్న చిన్న చేపల్ని నీరు మొగవైపు ఈడ్చుకొస్తుంటే అది అంచున కాపేసి కొడుతుంది. నీరు కదలనప్పుడు మీ పాపర్, అదే లాగినప్పుడల్లా చప్పుడు చేసే టాప్‌వాటర్ ఎర, ఎంతసేపు బుడుంగుమన్నా దానికి పట్టదు.

ఇదే సూత్రంలో ‘జూన్, జులై, ఆగస్టు వేసవి నెలల్లో’ అని ఉంది. అది అక్కడి వేసవి. మనకు జూన్ సగం దాటితే గొడుగు వెతుక్కోవాలి. నకలు కొట్టినవాడు నెలల పేర్లయినా మార్చుకోలేదు.

రెండోది, ‘వేసవిలో బోటు మాట్లాడుకుని సముద్రంలోకి వెళ్లండి’. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మన తీరంలో మరబోట్లకీ మోటారు బోట్లకీ వేట నిషేధం. ఆ రోజుల్లో ఫిషింగ్ హార్బర్‌లో వరసగా కట్టేసిన బోట్లను ఒక్కసారి చూసినవాడెవడూ ఈ వాక్యం రాయడు.

మూడోది, పూటకో రంగు చొప్పున ఏడు రంగుల లూర్లు కొనాలట, అవీ ‘సరికొత్త టెక్నాలజీ’వి. నీటిపైన ఉన్న ఎరను చేప కిందనుంచి చూస్తుంది. దానికి కనిపించేది ఆకాశం ముందు ఒక నల్లటి ఆకారం. తెల్లది ఒకటి, చీకటి పూటకి నల్లది ఒకటి ఉంటే చాలు, మిగతా అయిదూ దుకాణంవాడి కోసం. టెక్నాలజీ సంగతా? జారా స్పూక్ అనే టాప్‌వాటర్ లూర్ 1939 నాటిది, ఇప్పటికీ అమ్ముడవుతోంది.

నాలుగో సూత్రంలో సగం నిజం ఉంది కాబట్టి కాస్త ఆగాలి. ‘ఫ్లోరోకార్బన్ లైను నీళ్లలో కనిపించదు, అన్ని లూర్లకీ అదే కట్టండి.’ నీళ్లలో తేలిగ్గా కనిపించని మాట నిజమే. కానీ మునుగుతుంది. నీటిమీద ఆడాల్సిన ఎర ముక్కు పట్టుకుని కిందికి లాగుతుంది. పాపర్ గొంతు అక్కడే నొక్కుకుపోతుంది. తేలే బ్రెయిడ్ (సన్నటి పోగులు జడలా అల్లిన లైను) కట్టి, చివర మూరెడు నైలాన్ వేయండి. ఆ నైలాన్ కాస్త బిరుసుగా ఉంటుంది కనక, మెత్తటి బ్రెయిడ్ వెళ్లి ముందు కొక్కేనికి చుట్టుకోదు. రబ్బరు కప్పకైతే, అదే కప్ప ఆకారంలో ఉండే ఎరకైతే, ఆ నైలానూ అక్కర్లేదు.

అయిదోది: ‘నీళ్లు పేలగానే బలంకొద్దీ లాగండి. క్షణం ఆలస్యమైతే చేప పోతుంది.’ ఆలస్యం చేయకపోతేనే పోతుంది నాయనా. నీళ్లు పేలాయంటే చేప ఎర దాకా వచ్చిందని అర్థం, నోట్లో పెట్టుకుందని కాదు. మొదటి దెబ్బ చాలాసార్లు తప్పుతుంది, ఎర ఎగిరి పక్కన పడుతుంది. అక్కడే కాస్త ఆడిస్తే మళ్ళీ వస్తుంది. పాపర్ అయితే లైను బరువెక్కి రాడ్ చివర వంగేదాకా ఆగాలి. కప్పకి ఇంకొంచెం ఓపిక కావాలి. బోలుగా ఉండే దాని ఒళ్లు చేప దవడల మధ్య నలిగితే కానీ వీపుకి అతుక్కున్న రెండు కొక్కేలూ బయటపడవు. లైను ఒక పక్కకి జరగడం చూసి, అప్పుడు లాగాలి.

చేప పోతే పోయింది. వైజాగ్ తీరంలో తెన్నేటి పార్కు కింద రాళ్లమీద నిలబడి, బొత్తిగా సాగని బ్రెయిడ్ చివర ఆరు ముళ్ల పాపర్ కట్టి, అవతల చేప లేకుండా బలంకొద్దీ లాగితే అది ఎటు వస్తుంది? సరిగ్గా మీ ముఖం మీదికి. కళ్లద్దాలు పెట్టుకోమన్న ఒక్క ముక్క ఇంత మెసేజ్‌లో లేదు. చేప బొమ్మలకు మాత్రం చోటు దొరికింది.

ఆరోది, ‘పొద్దున అయిదు నుంచి ఏడు. ఆ తర్వాత టాప్‌వాటర్ దండగ’. మొక్కా నీడా లేని నీళ్లలో అయితే సరే. కానీ ఇదే మెసేజ్ ‘చెరువుల్లో కొర్రమీనును మన బాస్ అనుకోండి’ అంటోంది కదా, మరి కొర్రమీనుకు మొప్పలొక్కటే చాలవన్న సంగతి మర్చిపోయిందా? అది మాటిమాటికీ పైకొచ్చి గాలి మింగాలి, లేకపోతే నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది. మిట్టమధ్యాహ్నం గుర్రపుడెక్క కింద నీడలో ఉంటుంది, పైకి వస్తూనే ఉంటుంది. ఆ ఆకుల మీదుగా రబ్బరు కప్పను మెల్లగా లాగి, అంచున ఖాళీలోకి జారవిడిచి చూడండి. ఎండకు మాడేది మనం, చేప కాదు.

ఇక ఏడోది. మిగతావి నవ్వి ఊరుకోవచ్చు, దీన్ని మాత్రం వదలను. ‘తొలకరి తర్వాత గట్టు వారన ఎర్రటి చేపపిల్లల గుంపు కనిపిస్తే మీ పంట పండినట్టే. ఎరను సరిగ్గా గుంపు మధ్యలో వేయండి. కింద తల్లి ఉంటుంది. నూటికి నూరు శాతం కొడుతుంది.’

కొడుతుంది. అబద్ధం కాదు, నా కోపం అందుకే.

ఆ గుంపును దగ్గరగా చూశారా ఎప్పుడైనా? గాలి లేని పూట, కలువాకుల మధ్య చాపంత మేర నీరు సన్నగా చిటపటలాడుతుంది. వంగి చూస్తే వేలి గోరంత లేని నారింజ రంగు పిల్లలు, వందల్లో, పైకొచ్చి గాలి మింగి మళ్ళీ కిందికి పోతుంటాయి. వాటి కిందే తల్లీ తండ్రీ. కొర్రమీను గుడ్లు పెట్టి దాని దారిన అది పోయే రకం కాదు. నాచు తొలగించి గూడు చేసుకుంటుంది, పైన తేలే గుడ్లను కాస్తుంది, పిల్లలు పుట్టాక కొన్ని వారాలపాటు వాటిని వదలదు. అప్పుడు మీ కప్పను కొట్టేది ఆకలేసి కాదు, పిల్లల మీదికి ఏదో వచ్చి పడిందని. అందుకే ఒకసారి తప్పినా మళ్ళీ కొడుతుంది, గట్టుమీద మనిషి నిలబడి ఉన్నా కొడుతుంది. పసిబిడ్డ ఉన్న ఇంటి మీద రాయి విసిరి, తల్లి బయటికి పరిగెత్తుకొస్తే అది తన ప్రతాపం అనుకునేవాణ్ణి ఏమంటాం? ఇక్కడ మాత్రం ప్రో యాంగ్లర్ అంటున్నారు.

కాపలా పోయిన ఆ గుంపు ఎన్నాళ్లు బతుకుతుంది? జెల్లలున్నాయి, నీటిపాములున్నాయి, పైన కొమ్మమీద లకుముకి పిట్ట ఉంది. ‘పట్టి వదిలేస్తాం కదా’ అంటారు కొందరు. వదిలేలోపు ఒక ఫోటో, టేపు పెట్టి కొలత, రీల్స్‌కి ఒక వీడియో. అంతసేపూ కింద పిల్లలకు దిక్కెవరు? పైగా ఆ చెరువులో చేపల హక్కు ఏ మత్స్యకార సంఘానిదో, వేలంపాట పాడుకున్నవాడిదో అయి ఉంటుంది. మీ వీడియోకి పోయేది వాళ్ల రేపటి కూడు. ‘ఈ మధ్య చెరువుల్లో కొర్రమీను కనపడట్లేదు గురూ’ అని ఏటా నిట్టూర్చేవాళ్లే ఈ సూత్రాన్ని బొటనవేలి గుర్తులు పెట్టి మరీ ముందుకు తోస్తున్నారు. పిల్లల గుంపు కనపడితే లైను చుట్టేసి తూము అవతలికి నడవండి. చెరువు పెద్దదే.

ఎనిమిదోది, ‘ఎర పడ్డాక నీటిమీద వలయాలు మాసిపోయేదాకా కదపకండి’. దీన్ని కాదనలేను. నిలవ నీళ్లలో బంగారంలాంటి మాట. ఎవడి దగ్గర ఎత్తుకొచ్చాడో కానీ సరిగ్గా ఎత్తుకొచ్చాడు.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. ఈ మెసేజ్ చుట్టూ తిరగడం మొదలయ్యాక, బతికున్న కప్పను కొక్కేనికి గుచ్చే మా వీధి కుర్రాళ్లు ఇద్దరు ముగ్గురు ఆ పని మానేసి రబ్బరు కప్పలు కొనుక్కున్నారు. నేను ఎన్నాళ్లు మొత్తుకున్నా కానిది వాట్సాప్ వల్ల అయింది. కాకపోతే ఆ కప్ప పొట్టలోకి నీళ్లు చేరతాయి, నాలుగు విసుర్లకోసారి బయటికి తీసి పిండకపోతే మునిగిపోతుంది. అది మెసేజ్‌లో లేదు. పిల్లలేమో ‘లూర్ పాడైంది అంకుల్, మార్చి ఇస్తారా’ అని నన్ను అడుగుతున్నారు.