పేపర్లొక్కటే కాదు
ఓపెన్ ఆర్కైవ్‌లలో, అంటే పరిశోధనలను ఎవరైనా ఉచితంగా చూసుకునేలా పెట్టే సైట్లలో, వెతికితే సైన్స్ పేపర్లు తప్ప ఇంకేమీ దొరకవని వాటి మీద మీరు వేసిన వ్యాసంలో రాశారు. అది సగమే నిజం. 1991లో మొదలైన ఆర్‌కైవ్ (arXiv) అనే సైట్‌లో ఫిజిక్స్, గణితం, కంప్యూటర్ సైన్స్‌దే పెద్ద వాటా, సరే. కానీ మన యూనివర్సిటీల థీసిస్‌లు పెట్టే శోధ్‌గంగ సంగతి వేరు. మారతహళ్లిలో నీళ్ల ట్యాంకర్ల గోల మొదలైనప్పుడు బెంగళూరు చెరువుల మీద అందులో వెతికాను. నీళ్ల పరీక్షల పక్కనే చరిత్ర, ఆ కిందే సోషియాలజీ! తెలుగు సాహిత్యం మీదా బోలెడు థీసిస్‌లున్నాయి, మద్రాసు యూనివర్సిటీవి సహా. చిక్కల్లా ఏంటంటే, ఒక్కో థీసిస్ ముక్కలు ముక్కలుగా ఉంటుంది: సర్టిఫికెట్ ఒక పీడీఎఫ్, విషయసూచిక ఒకటి, ఒక్కో అధ్యాయం ఒక్కోటి. తెలుగువి చాలావరకు స్కాన్ చేసిన పేజీలే కాబట్టి లోపల మాట కొట్టి వెతికితే ఏమీ రాదు, కళ్లతో చూసుకోవాల్సిందే. అందుకే నేను ముందు విషయసూచిక ఫైలే తెరుస్తాను. ఇక యూరప్‌లోని ఫిజిక్స్ పరిశోధన సంస్థ సెర్న్ వాళ్ల జెనోడో అనే ఆర్కైవ్‌లో అయితే డేటా, పోస్టర్లు, స్లైడ్లు, సాఫ్ట్‌వేర్ కూడా ఉంటాయి. వ్యాసంలో దాని ఊసే లేదెందుకో!