నాలుగో కప్పు

మా నాన్నగారి 1968 అంబాసిడరు ఇరవై ఏళ్లు షెడ్డులో కోళ్లకు కాపురమిచ్చింది. నేను రిటైరైన నెలలో కోళ్లను ఖాళీ చేయించి, దాన్ని మళ్లీ కారు చేద్దామని కూర్చున్నాను. మా ఆవిడ కోళ్ల పక్షం వహించింది. "అవైనా గుడ్లు పెట్టేవి," అంది.

ఇంజనుతో నాకు పెద్ద ఇబ్బంది రాలేదు. అంబాసిడరు 1958లో మొదలై 2014 మే దాకా ఉత్తరపారా కార్ఖానాలో తయారైంది. ఒకే మనిషి యాభై ఆరేళ్లు చొక్కాలు మార్చుకుంటూ బతికినట్టు. అందుకని పిస్టన్ రింగులూ క్లచ్ ప్లేట్లూ బరంపురంలో వెతికితే ఇప్పటికీ దొరుకుతాయి. ప్రాణం తీసేదల్లా పైపై సింగారమే. మాది మార్క్ 2. 1963లో వచ్చి 75 దాకా నడిచిన రకం, ముందు జాలీ సన్నసన్న గళ్లతో ఉంటుంది. ఆ జాలీలు, బీడింగులు, డోరు హ్యాండిళ్లు, చక్రాల మధ్యన బిగించే మెరిసే వీల్ కప్పులు ఇప్పుడెవరూ చెయ్యరు. ఉన్నవాడు అమ్మడు. అమ్మేవాడి దగ్గర ఉన్నది ఒరిజినల్ కాదు.

ఈ ఒరిజినల్ పిచ్చి నాకు పుట్టుకతో వచ్చింది కాదు. 2021లో కేంద్రం ఒక రూలు పెట్టింది. యాభై ఏళ్లు దాటిన బండిని దాని అసలు రూపం చెడకుండా ఉంచితే 'వీఏ' అక్షరాలున్న వింటేజ్ నంబరు ఇస్తారు. కొత్తగా తీసుకోవాలంటే ఇరవై వేలు. తీసుకున్నాక రోజూ తిప్పకూడదు; ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలుకో, రిపేరుకో మాత్రమే బయటికి తీయాలి. "ఇరవై వేలు కట్టి ఇంట్లో పెట్టుకోవడానికా?" అని మా ఆవిడ అడిగిన ప్రశ్నకు నేనింకా జవాబు తయారు చేస్తున్నాను.

అంతా సిద్ధమైందనుకున్న రోజున, ట్రయలుకని కాశీనగర్ వైపు వెళ్తుంటే చక్రం గోతిలో పడింది. వెనక ఎడమ వీల్ కప్పు ఎగిరి, రోడ్డు మీద కాసేపు మాతోపాటే దొర్లి, తర్వాత మనసు మార్చుకుని వరిచేలోకి దిగిపోయింది. మూడు గంటలు మోకాలి లోతు బురదలో వెతికాను. గట్టు మీద నుంచి రైతు చూసి, "ఏటి బాబూ, ఉంగరమా?" అన్నాడు. కారు కప్పు అన్నాను. పాపం, ఆ తర్వాత ఏమీ అడగలేదు.

మిగిలిన మూడూ ఒరిజినలే కదా, ఒక్కదాని కోసం వెనకాడతానా? కలకత్తా మెయిలెక్కి మల్లిక్ బజారుకి వెళ్లాను. పాత కార్ల విడిభాగాలకు పేరు మోసిన చోటు. అక్కడ తెలిసింది, ఒరిజినల్‌లో జాతులున్నాయని. ఒరిజినల్ అన్నదానికి ఒక ధర, 'ప్యూర్ ఒరిజినల్'కి ఇంకో ధర, 'ఒరిజినల్ టైపు' అయితే సగం. ఒకాయన 'ఒరిజినల్ కాపీ' అని ఏమాత్రం మొహమాటం లేకుండా చూపించాడు. ఏదీ మా మూడింటితో కలవలేదు. రానూపోనూ ఛార్జీలూ, ఒక రసగుల్లాల డబ్బా మిగిలాయి.

దొరికింది ఎక్కడ? పాతపట్నంలో, టీకొట్టులో. ఒడిశాలోని మా పర్లాకిమిడికీ, ఆంధ్రాలోని పాతపట్నానికీ మధ్య రాష్ట్ర సరిహద్దు ఉంది గానీ దూరం లేదు. సంతకని వెళ్లి టీకొట్టు ముందు నిలబడ్డాను. పాలగిన్నె మీద మూత తళుక్కుమంది. ఆ మెరుపు, మధ్యలో ఆ ఉబ్బు. గుండె ఆగినంత పనైంది.

"ఏమయ్యా, ఆ కప్పు..." అన్నాను వేలు చూపిస్తూ.

"ఇదిగో బాబూ," అని కప్పు టీ అందించాడు.

తాగాను. "టీ కప్పు కాదయ్యా, ఆ పాల మీదున్నది."

"పాలు కావాల్నా? ముందు చెప్పరేటి!" గ్లాసు నిండా పాలొచ్చాయి. షుగరున్నవాణ్ణి, అయినా తాగాను.

"అది కారు కప్పయ్యా!"

"కారం సరుకు పొద్దుటిపూట వెయ్యం బాబూ. బజ్జీలకి సాయంత్రం రండి."

చివరికి మూత మీద చెయ్యేసి, చురుక్కున కాలి, అరిచి చెప్పాను. అప్పుడర్థమైంది. అతను కొంగలా మెడ నిక్కించి నన్నూ మూతనూ మార్చి మార్చి చూశాడు. "ఇది ఇవ్వను బాబూ. మా నాయన మహేంద్రగిరి శివరాత్రి తీర్థంలో కొన్నాడు, నాలుగు మూతల సెట్టు. నలుగురం అన్నదమ్ములం. పంపకాల్లో తలా ఒకటి వచ్చింది. పెద్దన్నది టెక్కలిలో ఉంది, రెండో అన్నది కాశీబుగ్గలో, తమ్ముడిది గుణుపురంలో. అందరివీ టీకొట్లే."

ఐదొందలన్నాను, వెయ్యన్నాను. అతనికి డబ్బు అక్కర్లేదు, మూత కావాలి. ఇలాంటిదే. బరువుండాలి, పాలు పొంగితే నాట్యం చెయ్యకూడదు, అంచు గిన్నెలో కూర్చోవాలి. నమూనాకి ఇమ్మంటే ఇవ్వడు. పేపరు మీద బోర్లించి పెన్సిలుతో గీసి, ఆ గుండ్రటి కాగితం కత్తిరించి నా చేతిలో పెట్టాడు.

ఆ కాగితం పట్టుకుని ఎన్ని స్టీలు సామాన్ల కొట్లెక్కానో! మొదటి స్టీలు మూత పాలు కాగగానే టకటకమని తాళం వేసింది. "తేలిక" అన్నాడు. అల్యూమినియంది వాసనొస్తోందన్నాడు. కుక్కరు మూత తెస్తే నవ్వాడు. మల్లిక్ బజారులో నేను ఎంత బిగిసి బేరమాడానో, ఇతను నా దగ్గర అంతకు రెట్టింపు బిగిశాడు. "ఒరిజినల్‌లా లేదు బాబూ," అన్నాడొకసారి. నా మొహం ఎలా మారిందో నాకు కనపడదు కదా, పక్కన టీ తాగుతున్నాయన మాత్రం గ్లాసు కింద పెట్టేశాడు.

ఆఖరికి బుడితి వెళ్లాను. శ్రీకాకుళం జిల్లాలో ఇత్తడి, కంచు సామాన్లకు ఆ ఊరి పేరు చెప్తే చాలు. కాగితం కొలత ప్రకారం బరువైన ఇత్తడి మూత చేయించి, కళాయి పూయించి తెచ్చాను. పాలు కాచాడు. మూత కదలలేదు. చెవి దగ్గర పెట్టి విన్నాడు, ఏం విన్నాడో దేవుడికెరుక. "సరే," అన్నాడు. కప్పు ఒడిలో పెట్టుకుని ఇంటికి తెచ్చిన తీరు చూసి మా ఆవిడ, "పిల్లల్ని కూడా మీరింత జాగ్రత్తగా ఎత్తుకోలేదు," అంది.

మరునాడు మేస్త్రిని పిలిపించాను. డెబ్బై దాటిన మనిషి, నాన్నగారి రోజుల నుంచీ మా కారు అతని చేతిలోదే. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మాది. వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం మా మేస్త్రి నోట్లో ఒడియాతో కలిసి ఎప్పుడో నెగ్గేసింది. కప్పు తీసుకుని గోటితో కొట్టాడు. టంగుమంది.

"అసల్ మాల్ బాబూ. ఒరిజినలే."

నాకు కళ్లు చెమర్చాయి. కూర్చుని మిగతా మూడింటినీ వరసగా కొట్టుకుంటూ వెళ్లాడు. టక్కు. టక్కు. టక్కు.

"ఇవి కావు."

"కావంటే?"

"నకిలీ బాబూ. నేనే ఏసినాను. 1973లో శివరాత్రికి మీరంతా మహేంద్రగిరి ఎల్లినారు కదా, కొండ కింద కారెట్టి. దిగొచ్చీసరికి నాలుగు కప్పులూ ఎవడో పీకీసినాడు. నాన్నగారు కటక్ నుంచి నకిలీవి తెప్పించినారు. పిల్లలకి చెప్పొద్దన్నారు."

అప్పుడు నాకు పదేళ్లు. కొండెక్కలేక ఏడ్చింది గుర్తుంది గానీ, కప్పులు గుర్తులేవు. అంటే నేను కాశీనగర్ బురదలో మూడు గంటలు వెతికింది నకిలీ కప్పు కోసం!

మేస్త్రి కొత్త కప్పును తిరగేశాడు. లోపలంచున చిన్న సొట్ట. దాని మీద వేలు పెట్టి, చిన్నపిల్లాడిలా నవ్వాడు. "ఈ సొట్ట నాదే బాబూ. అప్పుడు నేను పానాలందించే గుంటణ్ణి. సుత్తి జారీసినాను. మా గురువు చెవి పిండీసినాడు." ఇంకా నొప్పి ఉన్నట్టు చెవి తడుముకున్నాడు.

మేమిద్దరం కాసేపు ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. తర్వాత నేను పాతపట్నం వెళ్లాను. కప్పు టీ అడక్కుండానే తాగి, అన్నదమ్ముల ఫోన్ నంబర్లు తీసుకున్నాను. ముగ్గురూ ఒకే మాట అన్నారు: డబ్బొద్దు, మూత కావాలి. ముగ్గురి గిన్నెలూ మూడు సైజులు.

వారం తిరక్కుండా బుడితి కొట్టు ముందు మూడు గుండ్రటి కాగితాలు పట్టుకుని నిలబడ్డాను. కొట్టాయన వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చి చూసి, నాకు కుర్చీ వేయించాడు.

"మొన్నొకటి, ఇయాల మూడు. హోటలు ఎక్కడెడతన్నారు బాబూ?"