లప్పమూ, నా కళాతృష్ణా

బొమ్మలు వేయడం రానివాళ్లకి ఇన్నాళ్లూ దిక్కుండేది కాదు. ఏనుగు వేస్తే చూసినవాళ్లు పంది అనేవారు. రంగుని ముద్దలుగా, ఎగుడుదిగుడుగా పూసే టెక్స్చర్ పెయింటింగ్ వచ్చాక ఆ అన్యాయం తొలగిపోయింది. గీత వంకరపోతే భావావేశం, రంగు గడ్డకడితే ఇంపాస్టో, అంటే మందంగా పూసే పద్ధతి. రెండూ ఒకేసారి జరిగితే హాల్లో సోఫా పైన తగిలించాలి.

నా సాధన ఇంటికి రంగులు వేయించాక మిగిలిన అర బస్తా లప్పంతో మొదలైంది. షాపులో దీనికని మోడలింగ్ పేస్ట్ అమ్ముతారు. చలువరాతి పొడిలో యాక్రిలిక్ జిగురు కలిపిన ముద్ద అది. ధర చూశాక నాకు లప్పం మీద గౌరవం పెరిగింది. కాస్త ఫెవికాల్ కలిపి, రంగు పూసే పాలెట్ నైఫ్ బదులు అట్లకాడ పట్టాను. ఆ పూట ఇంట్లో దోసెలు లేవు. కళకి త్యాగాలు తప్పవు.

చిత్రకారుడు వాన్‌గో 1888లో ఫ్రాన్స్‌లోని ఆర్ల్‌లో పొద్దుతిరుగుడు పూలు అంత మందంగా వేశాడంటే అది ప్రతిభ అని విమర్శకులు రాస్తారు. నా పరిశోధనలో తేలింది వేరు. అది తమ్ముడు. థియో పారిస్ నుంచి డబ్బూ రంగులూ పంపేవాడు. ఈ సంగతి మా తమ్ముడికి ఫోన్ చేసి చెబితే, ‘ఈఎంఐలు ఉన్నాయి అన్నయ్యా’ అని పెట్టేశాడు. కళాచరిత్ర అక్కడ ఆగిపోయింది.

1841లో జాన్ గోఫ్ రాండ్ అనే అమెరికన్ రంగుని రేకు గొట్టంలో పెట్టాడు. అంతకుముందు పంది మూత్రాశయంలో దాచేవారట. అప్పుడే పుట్టి ఉంటే మా అమ్మ నన్ను గడప తొక్కనిచ్చేది కాదు.

ఆయిల్ రంగుల జోలికి వెళ్లలేదు. మందంగా వేస్తే పైన పెచ్చు కట్టినా లోపల నెలల తరబడి పచ్చిగానే ఉంటుంది, బయట మాడి లోపల పిండిగా ఉన్న గారెలాగ.

నేను కాన్వాసు గుడ్డ మీద లప్పం విసురుతుంటే నాయనమ్మ మంచం మీద నుంచి చూస్తోంది. ‘పిడకలు కొట్టడం ఇలాగేనట్రా? మణికట్టు తిప్పాలి’ అంది. ఆవిడ పేడలో ఊక కలిపి, గోడకి కొట్టి, అయిదు వేళ్ల ముద్ర వేసేది. ఆ ఊక ఎందుకో నాకు మూడో రోజున తెలిసింది. గుడ్డ సాగుతుంది, లప్పం వంగదు. నా కాన్వాసు నిలువునా నెర్రెలిచ్చింది. సాయంత్రానికల్లా దానికి ‘బీడు’ అని పేరు పెట్టి, కింద సంతకం చేసి, హాల్లో తగిలించాను. రాలిన పెచ్చుల్ని మా ఆవిడ భావావేశం ఏమీ లేకుండా ఊడ్చేసింది.

మర్నాడు పెయింటర్ బాకీ డబ్బులకి వచ్చాడు. ‘బీడు’ ముందు చాలాసేపు నిలబడ్డాడు. దగ్గరికెళ్లి వేలితో తడిమాడు. ఇన్నాళ్లకి ఒక రసికుడు దొరికాడని నాకు కళ్లు చెమర్చాయి.

‘ఎమరీ కొట్టి ఇంకో కోటు లప్పం పెడితే కనపడదు సార్,’ అన్నాడు మెల్లగా. ‘దీనికి కూలేం వద్దులెండి.’