మూత తీయని ట్రే

ఇప్పుడే హాస్పిటల్ నుంచి వచ్చాను. ఒళ్లు మండిపోతోంది. మధ్యాహ్నం వెళ్లేసరికి అమ్మ భోజనం ట్రే కాళ్ల వైపు బల్ల మీద ఉంది. మూత కూడా తీయలేదు. తుంటి విరిగి పడుకున్న మనిషి చెయ్యి అక్కడిదాకా ఎలా అందుతుంది? నేను చూస్తుండగానే ఒకతను వచ్చి "తినరా?" అని, జవాబైనా వినకుండా పట్టుకుపోయాడు. ఆ పూట ఆవిడ తినలేదని ఎవరూ ఎక్కడా రాసుకోలేదు.

అదే అమ్మకి నడుం కింద బెడ్ సోర్, కదలకుండా పడుకుంటే ఒత్తిడికి పడే పుండు. మొదట్లో ఎర్రటి మచ్చే. వేలితో నొక్కి వదిలితే తెల్లబడలేదు, అదే మొదటి దశ. చూపిస్తే "పౌడర్ రాద్దాంలెండి" అన్నారు. నాలుగు రోజుల్లో చర్మం చిట్లింది. ఇప్పుడు రోజూ డ్రెస్సింగ్ మారుస్తున్నారు. కానీ తిండి లేకుండా కొత్త చర్మం ఎక్కడ నుంచి వస్తుంది? ఇలాంటి పుండు పడి, ఒంట్లో సత్తువ తగ్గినవాళ్లకి కిలో బరువుకి రోజుకి 1.25 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్, 30 నుంచి 35 కేలరీలు ఇవ్వాలని అంతర్జాతీయ మార్గదర్శకాల్లోనే ఉంది. అమ్మ 50 కిలోలు. అంటే రోజుకి 60 గ్రాములు దాటి ప్రోటీన్ పడాలి. డైటీషియన్‌ని పిలవమంటే "ఆవిడ షుగర్ వాళ్లకే వస్తారు" అన్నారు! బెడ్ సోర్ ముప్పు ముందే కొలిచే బ్రేడెన్ స్కేల్ 1987లోనే వచ్చింది. అందులో ఉన్న ఆరు అంశాల్లో పోషణ ఒకటి. అమ్మ కేస్ షీట్‌లో ఆ గడి ఖాళీ.

పుండు మీద ఒత్తిడి పడకుండా అమ్మని అటూ ఇటూ తిప్పినట్టు రాసే చార్టు మాత్రం నిండుగా ఉంది. నేను చూసినప్పుడు టైమ్ రెండున్నర. నాలుగు గంటల గడిలో అప్పటికే సంతకం పడిపోయింది. ఆ నర్సమ్మాయి మీద నాకు కోపం లేదు, వార్డంతా ఒక్కతే పరిగెడుతోంది. ఆమెని అలా ఒంటరిగా వదిలేసినవాళ్ల మీదే నా కోపమంతా.

నాన్నప్పుడూ ఇంతే. మడమ నల్లబడితే పెద్ద డాక్టర్ "ఇంట్లో సరిగ్గా చూసుకోలేదు" అని అమ్మ మొహం మీదే అనేశాడు. నాన్న ఆ వార్డులో చేరి అప్పటికి నెల. చేరిన రోజు మడమ శుభ్రంగా ఉంది. పిక్క కింద దిండు పెట్టి మడమ పరుపుకి తగలకుండా చూడాలన్న ఆలోచన ఆ నెల రోజుల్లో ఒక్కరికీ రాలేదు. మాట మాత్రం అమ్మ పడింది. ఇన్నేళ్లయినా మర్చిపోలేదు. ఇవాళ పక్కకి తిప్పుతుంటే "మీ నాన్నకి లాగే అయిందా?" అని అడిగింది.

రేపటి నుంచి ట్రే వచ్చే టైముకి నేను అక్కడే ఉంటాను. ఎంత తిందో కాగితం మీద రాసి కేస్ షీట్‌కి పిన్ను కొడతాను. పీకేస్తే మళ్లీ కొడతాను.