గెడెస్ దొర చెరువులు పూడ్చమన్నాడట!

ఆ వాట్సాప్ మెసేజ్ మళ్లీ వచ్చింది. బంధువుల గ్రూపులో, కాలేజీ బ్యాచ్ గ్రూపులో, ఆఖరికి పాల ప్యాకెట్ల కోసం పెట్టుకున్న అపార్ట్‌మెంట్ గ్రూపులో కూడా. విజయనగరంలో రోడ్డు వెడల్పు మాట లేచినా, ఎవరి గోడ మీదైనా ఇక్కడిదాకా కొట్టేస్తామని ఎర్రరంగు గీత పడినా ఈ మెసేజ్‌కి ప్రాణం లేచొస్తుంది. ఇంకా అందని అదృష్టవంతుల కోసం సారాంశం ఇదీ:

“సర్ పాట్రిక్ గెడెస్, ప్రపంచ నగర ప్రణాళికా పితామహుడు. బ్రిటన్‌లో గొప్ప సివిల్ ఇంజనీర్. 1914లో మద్రాసు వచ్చి ఇరుకు సందులు కూల్చండి, మురికి చెరువులూ నూతులూ పూడ్చండి అని చెప్పాడు. మన కోట చుట్టూ వీధులు ఆయన గీసినవే. చండీగఢ్ కూడా ఆయనదే. ఆయన మాట ఎవరూ వినలేదు. వందేళ్ల కిందట తెల్లవాడికి తెలిసింది మనకి ఇంకా తెలియలేదు. అందరికీ పంపండి.” కింద తెల్లగడ్డం ముసలాయన ఫోటో.

ఆ ఫోటో డార్విన్‌ది. గడ్డం ఉన్న తెల్లవాళ్లంతా ఒకటి కాదు నాయనా. ఇద్దరికీ బొత్తిగా సంబంధం లేదని మాత్రం అనను. లండన్‌లో జీవశాస్త్రవేత్త హక్స్‌లీ దగ్గర చదువుకున్నాక, యూనివర్సిటీ కాలేజీ ల్యాబ్‌లో పనిచేసే రోజుల్లో గెడెస్ డార్విన్‌ని చూశాడు. మెసేజ్ రాసినవాడు ఇదంతా తెలిసి పెట్టాడంటే నేను నమ్మను.

విజయనగరం కోట 1713 నాటిది, గెడెస్ పుట్టింది 1854లో. కాబట్టి కోట వీధుల సంగతి వదిలేద్దాం. చండీగఢ్ పని మొదలైంది 1950 ప్రాంతంలో. ముందు ఆల్బర్ట్ మేయర్, ఆ తర్వాత లె కార్బూజియే దాని మీద పనిచేశారు. గెడెస్ 1932లోనే పోయాడు. ఆయన ప్లానుతో పెరిగిన ఊరు కావాలంటే ఇజ్రాయెల్‌లో టెల్ అవీవ్ ఉంది, ఆ ప్లాను 1925లో ఇచ్చాడు. పొగిడే పని పెట్టుకున్నవాడికి ఆ సంగతి కూడా తెలియకపోతే ఎలా?

గెడెస్ సివిల్ ఇంజనీరూ కాదు. మొక్కల శాస్త్రం మనిషి. డిగ్రీ పుచ్చుకోలేదు, అయినా 1888 నుంచి 1919 దాకా స్కాట్లాండ్‌లోని డండీలో బోటనీ ప్రొఫెసర్‌గా ఉన్నాడు. 1879లో మెక్సికో వెళ్తే కొన్నాళ్లు చూపు పోయింది. తిరిగొచ్చింది గానీ, మైక్రోస్కోప్ ముందు గంటలకొద్దీ కూర్చునే పని ఇక సాగలేదు. అలా మొక్కల నుంచి మనుషుల మీదికీ, ఊళ్ల మీదికీ మళ్లాడు. మన దేశానికి వచ్చాక ఈయన పోట్లాడింది ఎవరితో అనుకున్నారు? మ్యాప్ మీద స్కేలు పెట్టి తిన్నగా గీత లాగే మున్సిపల్ ఇంజనీర్లతోనే!

ఇక అసలు విషయానికి వద్దాం. “ఇరుకు సందులు కూల్చండి అన్నాడు.” మిగతా అబద్ధాలు ఎవరి కొంపా ముంచవు. ఇది ముంచుతుంది, ఎందుకంటే రేపు ఎవరి అరుగో కొట్టేటప్పుడు “గెడెస్ అంతటివాడే చెప్పాడు” అని దీన్నే చూపిస్తారు. ఆయన జీవితమంతా చెప్పింది దీనికి సరిగ్గా తిరగేసిన మాట.

1886లో పెళ్లయ్యాక భార్య ఆనాతో కలిసి ఎక్కడ కాపురం పెట్టాడో తెలుసా? ఎడిన్‌బరో పాతబస్తీలో, జేమ్స్ కోర్ట్ అనే చోట. మురికివాడ అని పెద్దమనుషులంతా వదిలేసి పోయిన చోటు. అక్కడ ఉంటూనే ఇరుగుపొరుగుని కూడగట్టి సున్నాలు వేయించాడు, పాత మేడలు బాగు చేయించాడు, కాస్త ఖాళీ కనిపిస్తే మొక్కలు పెట్టించాడు. బొత్తిగా పనికిరానివి కొన్ని తీయించాడు, తక్కినవి నిలబెట్టాడు. తర్వాత దీనికే కన్జర్వేటివ్ సర్జరీ అని పేరు పెట్టుకున్నాడు. 1915లో తంజావూరు, మదురై తిరిగినప్పుడూ, 1917లో లాహోర్‌లో మున్సిపాలిటీ వాళ్లు పాత పేటల మీద గీసిన ప్లాను చూసి మండిపడినప్పుడూ చెప్పింది అదే. జనాన్ని ఖాళీ చేయించి పేటలకి పేటలు కూల్చడం పారిశుధ్య చరిత్రలోనే అతి ఘోరమైన పొరపాట్లలో ఒకటి అన్న అర్థం వచ్చేలా రిపోర్టుల్లో రాశాడు. కూలిస్తే అక్కడి పేదలు ఎక్కడికి పోతారు? ఇంకో ఇరుకు పేటకే పోతారు, దాన్ని ఇంకాస్త ఇరుకు చేస్తారు. ఆయన వాదన ఇదీ. ఇది అర్థం కావడానికి ప్రొఫెసర్ కానక్కర్లేదు.

మరి సందుని ఏం చేయమన్నాడు? ముందు కాళ్లతో తిరగమన్నాడు. మా పాతపేటలో ఒక సందు ఉంది, రెండు బళ్లు ఎదురైతే ఒకటి వెనక్కి పోవాల్సిందే. అందులో అన్నదమ్ముల తగాదాతో ఎప్పుడో తాళం పడిన పెంకుటిల్లు ఒకటి. పైకప్పు కూలిపోయింది, లోపల కంప పెరిగింది, వీధిలో చెత్తంతా అందులోకే పోతుంది. దాని పక్కనే గోడలు మాత్రమే మిగిలిన పశువుల సావిడి ఒకటి. ఆఫీసులో మ్యాప్ చూసేవాడికి ఈ రెండూ కనబడవు, సందు వెడల్పు మాత్రమే కనబడుతుంది. అందుకని రెండు వైపులా అరుగులు కొట్టమంటాడు. గెడెస్ పద్ధతిలో అయితే ఆ రెండు పాడుకొంపలు పోయి, అక్కడ ఓ వేపచెట్టూ నలుగురు కూర్చునే జాగా వస్తాయి. బళ్లు తప్పుకునే చోటూ అదే అవుతుంది. సాయంత్రం మల్లెపూలు అల్లుకునే ముసలమ్మల అరుగులు అలాగే ఉంటాయి. ఖర్చు కూడా బాగా తక్కువ. బహుశా అదే దాని లోపం. తక్కువ ఖర్చు పని మీద కాంట్రాక్టర్లకి భక్తి కుదరదు.

చెరువుల మాటకి నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అప్పట్లో మలేరియా పేరు చెప్పి చెరువులు పూడ్చేద్దామని అధికారులకి ఉబలాటం. వద్దు, శుభ్రం చేయండి, చేపలూ బాతులూ వదలండి, దోమల పిల్లల్ని అవి తింటాయి అన్నవాడు గెడెస్. చెరువు ఊరిని చల్లగా ఉంచుతుంది, వాననీళ్లని పట్టి ఉంచుతుంది అన్నాడు. పెద్దచెరువు, అయ్యకోనేరు ఉన్న ఊళ్లో కూర్చుని ఈ మనిషి పేరు మీద “పూడ్చమన్నాడు” అని ఫార్వర్డ్ చేయడానికి వేలు ఎలా ఆడిందండీ? పూడ్చాలనుకుంటే మీ సొంత పేరు మీద చెప్పండి. చచ్చిపోయిన స్కాట్లాండ్ ముసలాయన్ని సాక్షిగా తేవడం దేనికి?

నూతుల సంగతీ అంతే. కుళాయిలు వచ్చినా నూతుల్ని పాడుపెట్టొద్దని రాశాడు, ఎందుకంటే ఏ కుళాయి ఏర్పాటైనా ఎప్పుడో ఒకప్పుడు పాడవుతుంది. నమ్మకపోతే 2014 అక్టోబర్లో హుద్‌హుద్ తుపాను పోయాక కరెంటు లేక, మోటార్లు తిరగక బిందెలు పట్టుకుని ఎక్కడికి పరుగెత్తారో ఇంట్లో ఆడవాళ్లని అడగండి.

ఇంత రాశాక ఒకటి ఒప్పుకోవాలి. “ఆయన మాట ఎవరూ వినలేదు” అన్న ముక్క చాలావరకు నిజం. మన దేశంలో పదుల కొద్దీ ఊళ్లకి రిపోర్టులిచ్చాడు, చాలా భాగం బీరువాల్లోనే ఉండిపోయాయి. తప్పు ఆయనదీ ఉంది. ఒక పని పూర్తవకుండానే ఇంకోటి ఎత్తుకునేవాడు. గడ్డంలో గొణిగినట్టు మాట్లాడేవాడు, ముందు వరసలో కూర్చున్నవాళ్లకే సరిగా వినబడేది కాదు. పైగా జనం, జనం అని కలవరించిన మనిషి పని జరిపించుకోడానికి మహారాజుల్నే పట్టుకున్నాడు. ప్లేగు పీడిస్తున్న రోజుల్లో ఇందోర్ వెళ్లి, నన్ను ఒక్కరోజు మహారాజుని చేయమన్నాడు. చేశారు కూడా! ఏ వీధి బాగా శుభ్రంగా ఉంటే దీపావళి ఊరేగింపు ఆ వీధి గుండా వెళ్తుందని చాటించాడు. పైడితల్లి జాతరలో సిరిమాను తమ వీధిలోంచి వెళ్తుందంటే మనవాళ్లు ఏం చేస్తారో ఊహించుకోండి, అక్కడా అదే జరిగింది. ఊరేగింపులో ప్లేగు ఎలుక బొమ్మ నడిచింది, ఊడ్చేవాళ్లు తెల్లబట్టల్లో, పూలతో నడిచారు. ఊరు ఊరంతా శుభ్రమైంది. ఆ పనికి రాజుగారి ఒకరోజు అధికారం కావాల్సి వచ్చిందన్నది మాత్రం ఆయన అభిమానులు కాస్త మెల్లిగా చెబుతారు.

ఇంకో మాట, నా మీద కోపం వచ్చినా సరే. కొన్ని రోడ్లు వెడల్పు చేయాల్సిందే. శ్రీకాకుళంలో డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర 108 బండి సైరన్ వేసుకుని నిలబడి ఉంటే చూసినవాళ్లెవరూ కాదనరు. పెద్దరోడ్డు వేరు, ఇంటి సందు వేరు. పెద్దరోడ్డు కోసం స్థలం అడగడానికి గెడెస్ పేరూ డార్విన్ ఫోటో అక్కర్లేదు. కొలత ఎంతో, డబ్బు ఎంతో, ఇచ్చిన స్థలానికి బదులుగా వచ్చే టీడీఆర్ బాండ్ ఏ నెలలో చేతికొస్తుందో కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇవ్వమనండి. సగం మంది తమ గోడ తామే కొట్టుకుంటారు.