టైల్స్ పని నేర్పేదెవరు?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పల్లెల్లో కట్టే ఇళ్లలోనూ సిమెంటు గచ్చు తగ్గిపోయి టైల్స్ వచ్చేశాయి. వాటిని సరిగ్గా పరిచే మేస్త్రి కోసం మాత్రం వెతుక్కోవాలి, ఎందుకంటే పని వచ్చిన కుర్రాళ్లు చాలామంది పలాసలోనో ఆమదాలవలసలోనో రైలెక్కి హైదరాబాద్, చెన్నై వెళ్లిపోతున్నారు. వలస గురించి అందరూ మాట్లాడతారు. నా బాధ ఇంకొకటి: ఈ పనిని మనం ఇప్పటికీ ఒక విద్యగా చూడటం లేదు.

సరుకు మారిపోయింది. పాత సిరామిక్ టైల్ నీళ్లు పీల్చుకునేది, సిమెంటు పాలు పోసి కూర్చోబెడితే పట్టేసేది. గుజరాత్‌లోని మోర్బీ నుంచి వచ్చే విట్రిఫైడ్ టైల్ అర శాతం నీరు కూడా పీల్చదు. రెండడుగులకి నాలుగడుగుల టైల్‌ని నాలుగు మూలలా మాలు ముద్దలు పెట్టి నొక్కేస్తే అడుగున డొల్ల మిగులుతుంది, ఏదో ఒకరోజు బీరువా కాలు కింద పగులుతుంది, గోడకైతే ఊడి మీద పడుతుంది. దానికి టైల్ గమ్ము కావాలి, పళ్ల తాపీతో ఒకే వైపుకి గీయాలి, టైల్ వెనక పొడి తుడవాలి, టైల్‌కీ టైల్‌కీ మధ్య స్పేసర్ బిళ్ల పెట్టి సందు వదలాలి. ఆ గమ్ముకి ఐఎస్ 15477 అనే భారతీయ ప్రమాణం ఉంది, 2019లో సవరించారు, అందులో రకాలున్నాయి. ఏ రకం ఎక్కడ వాడాలో హెల్పర్ కుర్రాడికి చెప్పేవాళ్లు లేరు.

ఎందుకు లేరంటే అడుగు లెక్క వల్ల. మేస్త్రికి చదరపు అడుగుకి ఇంత అని ఇస్తారు. "నువ్వు పెట్టు, నేను చూస్తాను" అని కుర్రాడి చేతికి తాపీ ఇస్తే ఆ పూట మేస్త్రికే నష్టం. అందుకే కుర్రాడు ఏళ్ల తరబడి ఇసక మోస్తాడు, మాలు కలుపుతాడు, కటింగ్ మెషిన్ పడతాడు. నీళ్లు పెట్టకుండా కోస్తే లేచే సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్ని శాశ్వతంగా పాడుచేస్తుంది. ఇరవై ఏళ్ల పిల్లలు మూతికి కండువా కట్టుకుని టెక్కలి గ్రానైట్ కోస్తుంటే నాకు కోపం వస్తుంది, కండువా ఆ దుమ్ముని ఆపదు.

2015లో మొదలైన కేంద్ర నైపుణ్య శిక్షణ పథకం కౌశల్ వికాస్ యోజనలో అప్పటికే పని వచ్చినవాళ్లని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటుంది. మంచిదే, కానీ అది నేర్పడం కాదు. బాత్రూమ్‌లో నీళ్లు పోయే వాటం, రసమట్టంతో సమం చూడటం, మూలమట్టంతో మూల చూడటం క్లాసులో రావు, సైట్లోనే వస్తాయి. నిర్మాణ కార్మికుల సంక్షేమం కోసం 1996 చట్టంతో మొదలైన సెస్సు, నిర్మాణ ఖర్చులో ఒక శాతం, వసూలవుతోంది కదా, నేర్పే మేస్త్రికి తగ్గే కూలిని, నేర్చుకునే కుర్రాడి రోజు కూలిని అందులోంచి ఇవ్వాలి. ఆ డబ్బుతో నడిచే సంక్షేమానికి నిర్మాణ కార్మికుడిగా నమోదు కావాలంటే ఏడాదిలో 90 రోజులు పని చేసి ఉండాలి, బయట రాష్ట్రంలో చేసినవాడు ఆ రుజువు ఇక్కడ చూపించడం కష్టం, అదీ సరిచేయాలి.

ఇల్లు కట్టించుకునేవాళ్లూ ఒకటి చేయొచ్చు. బాత్రూమ్‌కి, మెట్లకి అడుగు లెక్క వదిలేసి రోజు కూలి మాట్లాడండి. లెక్క తేల్చే ముందు ప్రతి టైల్‌నీ నాణెంతో తట్టి చూడండి, డొల్ల మోగినవి అప్పుడే తీయించి మళ్లీ పెట్టించండి, ఆ పూట కూలి కూడా ఇవ్వండి.